బటన్ నొక్కినా అంటుకోని గ్రిల్

సాయంత్రం ఆరు దాటిందంటే తిరువళ్లూరు బజారు వీధుల్లోనూ, తిరుత్తణి నుంచి అరక్కోణం వెళ్లే రోడ్డు మీదా హోటళ్ల ముందు అద్దాల తలుపుల పెట్టెల్లో కోళ్లు తిరగడం మొదలవుతుంది. ఆ పెట్టెను అందరూ గ్రిల్ అనే అంటారు. వెనక గోడకు ఒకదానిపై ఒకటి పింగాణీ పలకల బర్నర్లు, కింద 19 కిలోల కమర్షియల్ సిలిండర్, పక్కన వరుసగా నాబ్‌లు ఉంటాయి. కొన్నిటికి ఒక బటన్ కూడా ఉంటుంది. దాన్ని నొక్కితే నిప్పురవ్వ పుట్టి బర్నర్ అంటుకోవాలి. కానీ బటన్ నొక్కి వెలిగించే మాస్టర్‌ని చూడటం అరుదు. పేపరు ముక్కను పొడుగ్గా చుట్టి, పక్క పొయ్యి మీద అంటించి, తలుపు తీసి లోపలికి పెడతారు. ఎందుకని అడిగితే “బటన్ ఎప్పుడో పోయింది సార్” అంటారు, అంతే.

పోయిందంటే ఏది పోయింది? రవ్వ పుట్టించే డబ్బానా, దాన్ని మోసుకెళ్లే తీగనా, చివరన ఉండే ముల్లా, లేక గ్యాసే సరిగా అందడం లేదా? ఇవన్నీ వేరువేరు జబ్బులు. మందు కూడా వేరు. ఇళ్లలో వాడే ఆటోమేటిక్ పొయ్యిల సంగతీ ఇంతే. కొన్నప్పుడు టక్కున వెలిగిన పొయ్యి పక్కన, రెండేళ్లు తిరక్కుండానే గోడకు ఒక లైటర్ వేలాడుతూ ఉంటుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇగ్నైటర్, అంటే ఈ రవ్వ పుట్టించే ఏర్పాటు, పోయిందని వదిలేసిన పొయ్యిల్లో చాలావాటిలో అది బతికే ఉంటుంది. దాన్ని మసో, జిడ్డో, తడో, అయిపోయిన సెల్లో నొక్కిపెట్టి ఉంచుతుంది.

మా వైపు దీని మీద వినిపించే మాటలు కొన్నే. వంటింటి పెద్దవాళ్లు “లైటర్ ఉండగా ఈ సోకులెందుకు” అంటారు. ఆ మాటలో బలం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. రిపేరుకు వచ్చే కుర్రాడు పొయ్యిని బోర్లించి ఒక్క చూపు చూసి “వాల్వ్ మొత్తం మార్చేద్దాం అక్కా” అంటాడు. వాల్వ్ మారిస్తే పని తొందరగా అయిపోతుంది, నాలుగు డబ్బులు ఎక్కువ మిగులుతాయి. లోపం ఎక్కడుందో వెతికే శ్రమ ఉండదు. కంపెనీల మాన్యువల్స్ అయితే చివరి పేజీలో ఒక చిన్న పట్టిక వేసి, ప్రతి గడిలోనూ సర్వీస్ సెంటర్‌ను సంప్రదించమంటాయి. గ్రిల్ మాస్టర్లకు ఇందులో అభిప్రాయమే లేదు. పేపరు ఉంది, పని జరుగుతోంది. నాకు వీళ్లందరి మాటలోనూ సగం నిజమే కనిపిస్తుంది.

ముందు రవ్వ ఎలా పుడుతుందో చూద్దాం. 1880లో పారిస్‌లో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనే అన్నదమ్ములు కొన్ని రకాల స్ఫటికాలను నొక్కితే వాటి ముఖాల మీద విద్యుత్తు చేరుతుందని కనిపెట్టారు. ఆ పియరీయే తర్వాత మేరీ క్యూరీని పెళ్లాడినవాడు. పీజో అని మనం పిలిచే ప్రతి లైటర్‌లోనూ ఉన్నది ఆ సూత్రమే. ఇప్పుడు సహజ స్ఫటికం బదులు సీసం, జిర్కోనియం, టైటానియం కలిపి కాల్చిన పింగాణీ ముక్క వాడుతున్నారు. నాబ్ తిప్పినప్పుడో బటన్ నొక్కినప్పుడో లోపల స్ప్రింగు బిగుసుకుని, ఒక చిన్న సుత్తి ఆ ముక్క మీద టప్పున పడుతుంది. గాలిలో ఒక మిల్లీమీటరు దూరం దూకడానికి రవ్వకు సుమారు మూడు వేల వోల్టులు కావాలి. ముల్లుకూ బర్నర్‌కూ మధ్య నాలుగు మిల్లీమీటర్లుంటే పన్నెండు వేలు అవుతుంది. ఆ ముక్క అంత వోల్టేజీ ఇవ్వగలదు. కరెంటు మాత్రం అతి స్వల్పం కాబట్టి చేతికి తగిలితే చురుక్కుమంటుంది గానీ ప్రాణాపాయం ఉండదు.

రెండో రకం సెల్‌తో నడిచేది. ఒకటిన్నర వోల్టుల సెల్ ఒక చిన్న డబ్బాకు కరెంటిస్తుంది. ఆ డబ్బా దాన్ని వేల వోల్టులకు పెంచి, నాబ్ నొక్కి ఉంచినంతసేపూ టిక్ టిక్ టిక్‌మని రవ్వలు వదులుతుంది. మన ఇళ్లలోని గ్లాస్ టాప్ పొయ్యిల్లో, హాబ్‌లలో రెండు రకాలూ ఉన్నాయి. ఏది మీదో తెలుసుకోవడానికి పొయ్యి విప్పనక్కర్లేదు. ఒక్కసారి టక్‌మంటే పీజో. ఆగకుండా టిక్కుటిక్కుమంటే సెల్.

ఈ ప్రాంతపు వంటింట్లోకి ఆ బటన్ ఆలస్యంగానే వచ్చింది. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. అప్పటికి ఇక్కడి తెలుగు ఇళ్లలోనూ తమిళ ఇళ్లలోనూ ఉన్నవి కట్టెల పొయ్యిలు, కిరసనాయిలు స్టవ్‌లే. ఆంధ్రలో దీపం పథకం 1999లో మొదలైంది. తమిళనాడు ప్రభుత్వం 2007లో పేద కుటుంబాలకు ఉచితంగా గ్యాస్ పొయ్యిలు పంచడం మొదలుపెట్టింది. కేంద్రం ఉజ్వల పథకం 2016లో వచ్చింది. అలా వచ్చిన పొయ్యిలు మామూలువి, అగ్గిపుల్లతోనో లైటర్‌తోనో వెలిగించుకోవాల్సినవి. బటన్ పొయ్యి తర్వాత జీతాల ఇళ్లలోకి, మగ్గాల ఆదాయం ఉన్న ఇళ్లలోకి వచ్చింది. అందుకే మా దగ్గర దాన్ని అవసరంగా కాక హోదాగానే చూశారు. హోదా వస్తువు చెడిపోతే ఎవరూ బాగు చేయించరు, మూత కప్పి వాడుకుంటారు.

అగ్గిపుల్ల కూడా చవగ్గా ఏమీ లేదు. అగ్గిపెట్టెలు తయారయ్యే శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి తమిళనాడులోనే ఉన్నా, పద్నాలుగేళ్లపాటు రూపాయి ఉన్న అగ్గిపెట్టె 2021 డిసెంబరులో రెండు రూపాయలైంది. చవక ప్లాస్టిక్ లైటర్లు అగ్గిపెట్టెల పరిశ్రమను దెబ్బతీస్తున్నాయని తమిళనాడు నుంచి ఒత్తిడి వచ్చాక, ఇరవై రూపాయల లోపు విలువైన లైటర్ల దిగుమతిని 2023 జూన్‌లో కేంద్రం నిషేధించింది. వంటింటి గ్యాస్ లైటర్ ఆ జాతి కాదు. అందులో గ్యాస్ ఉండదు, మంట ఉండదు, పీజో ముక్క ఒక్కటే ఉంటుంది. పొయ్యిలో బిగించాల్సిన ఇగ్నైటర్‌నే చేతికిచ్చినట్టు అనుకోండి. దానికి తడి తగిలితే మొండికేస్తుంది. ఒక పూట ఎండలో పెడితే చాలాసార్లు దారికొస్తుంది.

ఇక అసలు పని, లోపం వెతకడం. వంటింట్లో గ్యాస్ వాసన లేదని నిర్ధారించుకుని, రెగ్యులేటర్ ఆపేసి, కిటికీలు తెరవండి. కాసేపాగి, దీపాలు ఆపి, గది చీకటి చేసి బటన్ నొక్కండి. గ్యాస్ లేదు కాబట్టి భయం లేదు. ఇప్పుడు కంటికి కనబడేదే రోగ నిర్ధారణ. ముల్లు కొస నుంచి బర్నర్ అంచుకు నీలంగా, చురుగ్గా, చిటుక్కుమనే శబ్దంతో రవ్వ దూకితే ఇగ్నైటర్‌కు ఏ రోగమూ లేదు. లోపం గ్యాస్ దారిలో ఉంది. రవ్వ నారింజ రంగులో నీరసంగా ఉంటే సెల్ అయిపోవచ్చింది, లేదా ముల్లు మీద మసి పేరుకుంది. రవ్వ కొస దగ్గర కాక కింద ఎక్కడో, ముల్లు చుట్టూ ఉండే తెల్ల పింగాణీ మధ్యలోంచి పక్కనున్న ఇనుముకు దూకితే ఆ పింగాణీ చిట్లినట్టు. పగలు చూస్తే అక్కడ వెంట్రుకంత నల్ల గీత కనిపిస్తుంది. ఆ గీత బయటి మరక కాదు, రవ్వలు పదే పదే నడిచి కాల్చిన దారి. తుడిస్తే పోదు, ఆ ముల్లు మార్చాల్సిందే. శబ్దం వస్తున్నా ఎక్కడా రవ్వ కనబడకపోతే తీగ ఊడింది, లేదా దాని తొడుగు కరిగి లోపలే ఏ రేకుకో తగులుతోంది. శబ్దం కూడా లేకపోతే సెల్, స్విచ్, డబ్బా అన్న వరుసలో అనుమానించాలి. డబ్బా చివరన, ఎందుకంటే అది అరుదుగా పోతుంది, ధరా ఎక్కువే.

సెల్‌తో నడిచే పొయ్యిల్లో ఇంకో సుళువు ఉంది. వీటిలో చాలావరకు ఒక నాబ్ నొక్కితే అన్ని బర్నర్ల దగ్గరా రవ్వలు పడతాయి. అన్నీ ఒకేసారి ఆగిపోతే ఉమ్మడిగా ఉన్నవాటిలో, అంటే సెల్‌లోనో డబ్బాలోనో తప్పుంది. ఒక్క బర్నరే మొరాయిస్తే ఆ బర్నర్ ముల్లో తీగో పాడైంది. ఒక నాబ్ నొక్కినప్పుడే ఏదీ పలకకపోతే ఆ నాబ్ కింది స్విచ్ చెడింది. ఎవరూ నొక్కకుండానే పొయ్యి తనంతట తాను టిక్కుటిక్కుమంటుంటే పాలు పొంగి ఆ స్విచ్‌లోకి దిగాయన్నమాట. సెల్ తీసేసి ఒక రోజంతా ఆరనిస్తే చాలాసార్లు సరిపోతుంది. సెల్ పెట్టే గూడు మూత తీసి చూడటం కూడా చాలామంది చేయరు. కారిపోయిన సెల్ రసం స్ప్రింగు మీద తెల్లగానో పచ్చగానో పొడి కట్టి ఉంటుంది. నిమ్మరసంలో ముంచిన దూది పుల్లతో తుడిచి, ఆరబెట్టి, కొత్త సెల్ వేస్తే అంతటితో పని తీరిపోయిన పొయ్యిలు ఎన్నో.

రవ్వ బాగున్నా బర్నర్ అంటుకోకపోతే గ్యాస్ వైపు చూడాలి. సిలిండర్ అడుగంటిందా? బర్నర్ కడిగి తడిగానే పెట్టారా? బర్నర్ మూత దాని గాడిలో కూర్చుందా? ముల్లుకు ఎదురుగా ఉన్న రంధ్రమే అన్నం గంజితో పూడిపోతే మిగతా అన్నీ తెరిచి ఉన్నా లాభం లేదు, రవ్వ దగ్గరికి గ్యాస్ రాదు. గుండుసూదితో ఆ ఒక్కటీ తీస్తే చాలు. కానీ కింద గ్యాస్ బయటికొచ్చే ఇత్తడి జెట్‌లోకి సూది దూర్చకండి. ఆ రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా మంట లెక్క మారిపోతుంది. ఇంకొక పొరపాటు అందరూ చేసేదే. మంట అంటుకుని, నాబ్ వదలగానే ఆరిపోతే దాన్నీ ఇగ్నైటర్ ఖాతాలో వేస్తారు. అది ఇగ్నైటర్ తప్పు కాదు. మంట ఉందో లేదో కనిపెట్టి, లేకపోతే గ్యాస్ ఆపేసే భద్రతా పరికరం కొన్ని హాబ్‌లలో ఉంటుంది. దాని మొన వేడెక్కేదాకా, అంటే కొన్ని సెకన్లు, నాబ్ నొక్కి పట్టాలి. అలా పట్టినా ఆరిపోతుంటే ఆ మొన శుభ్రం చేయాలి, లేదా మార్చాలి. ఈ తేడా తెలియకే మంచి ఇగ్నైటర్లు చెత్తకుప్పలో చేరుతున్నాయి.

మార్చడం పెద్ద విద్యేం కాదు. రెగ్యులేటర్ ఆపి సిలిండర్ నుంచి తీసేయాలి, సెల్ కూడా తీసేయాలి. పాత ముల్లు, తీగ ఏ దారిన వెళ్తున్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. క్లిప్పుతోనో ఒక మరతోనో ఉంటుంది, విప్పితే వచ్చేస్తుంది. తీగను లాగకండి, చివరన ఉన్న తొడుగు పట్టుకుని లాగండి. కొత్తది బిగించాక కొసకూ బర్నర్‌కూ మధ్య మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు ఉండాలి. దగ్గరైతే రవ్వ పొట్టిదై గ్యాస్‌ను అందుకోదు, దూరమైతే అసలు దూకదు. కొస వంచి సరిచేసేటప్పుడు పింగాణీని పట్టుకోకూడదు, విరుగుతుంది. తీగ వేడి లోహానికి ఆనకుండా చూడాలి. ఇంతవరకు ఇంట్లో చేసుకోవచ్చు. వాల్వ్, జెట్, గ్యాస్ గొట్టం జాయింట్లు మాత్రం ముట్టుకోవద్దు. అక్కడ మెకానిక్ మాటే చెల్లాలి. పని అయ్యాక జాయింట్ల దగ్గర సబ్బు నురగ పూసి బుడగలొస్తున్నాయేమో చూడటం మీ హక్కు, అడిగి చేయించుకోండి. విడిభాగం పొయ్యి మోడల్ చూసి కొనాలి. తిరుత్తణిలో దొరక్కపోతే పాత ముల్లు చేతిలో పట్టుకుని లోకల్ రైలెక్కి చెన్నై వెళ్లడమే మంచిది. నోటితో వర్ణించి తెప్పించుకున్నది ఒక మిల్లీమీటరు తేడాతో బిగియదు.

గ్రిల్ యంత్రం దగ్గరికి వస్తే లెక్క కొంచెం మారుతుంది. ఇంటి పొయ్యికి శత్రువు పాలు, గంజి. గ్రిల్‌కు శత్రువు కొవ్వు. తిరిగే కోడి నుంచి చిట్లిన నూనె ముల్లు మీద, పింగాణీ మీద పడి కాలి బొగ్గు పొరవుతుంది. బొగ్గులో విద్యుత్తు నడుస్తుంది కాబట్టి రవ్వ కొసదాకా రాకుండా ఆ పొర మీదుగానే జారిపోతుంది. దానిమీద రోడ్డు దుమ్ము, ఆపై ఐప్పసి, కార్తీక మాసాల ఈశాన్య రుతుపవనాల తేమ. యంత్రాన్ని రాత్రి తలుపు తెరిచే వదిలేస్తే బర్నర్ గొట్టాల్లో సాలీళ్లు గూడు కడతాయి. ఇన్ని ఉండగా బటన్ పనిచేయలేదంటే ఆశ్చర్యమేముంది? మాస్టర్లకు నేనిచ్చే సలహా ఒకటే. పురట్టాసి నెలలో, అంటే సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకా, పెరుమాళ్ల నెల అని ఈ జిల్లాలో ఎన్నో ఇళ్లు మాంసం ముట్టవు. వీరరాఘవ పెరుమాళ్లు కొలువైన తిరువళ్లూరులో ఇది మరీ ఎక్కువ. గ్రిల్ బేరం సగానికి పడే ఆ రోజుల్లో, వానలు మొదలయ్యేలోపే యంత్రం చల్లార్చి, ముళ్లు విప్పి, సబ్బునీళ్ల గుడ్డతో పింగాణీ తుడిచి, ఆరబెట్టి, తీగలు సరిచూడండి. ఏడాదికి ఒక పూట పని. తిరుత్తణిలో ఆడి కృత్తికకు కావళ్ల జనం వచ్చే వారంలో ఈ పని పెట్టుకుంటే కుదరదు.

పేపరు చుట్ట మీద నాకున్న అభ్యంతరం ఫ్యాషన్‌ది కాదు. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. కాబట్టి అద్దాల పెట్టె అడుగున చేరి నిలుస్తుంది. గాలిలో రెండు శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. నాబ్ ముందు తిప్పి, తర్వాత పేపరు వెతుక్కుని, అది ఆరిపోతే మళ్లీ అంటించి లోపల పెట్టేసరికి ఆ రెండు శాతం దాటిపోతుంది. భగ్గుమన్న మంట తలుపు తీసి వంగినవాడి ముఖానికే వస్తుంది. మంట ముందు, గ్యాస్ తర్వాత అన్న వరుస తప్పకపోతే పేపరైనా పొడుగు లైటరైనా ఒకటే. బటన్‌లో ఉన్న మేలు ఏమిటంటే చెయ్యి, ముఖం దూరంగా ఉంటాయి. బటన్ రెండు మూడు సార్లు నొక్కినా అంటుకోకపోతే నాబ్ మూసి, తలుపు తెరిచి, ఐదు నిమిషాలు ఆగండి. ఆ ఐదు నిమిషాలకు ఓపిక లేకే చేతుల వెంట్రుకలు కాల్చుకున్న మాస్టర్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన మన వైపు పెద్దవాళ్లకు ఈ బటన్ మరో రూపంలో పరిచయమే. అక్కడ పెరట్లో ప్రొపేన్ గ్రిల్ ఉంటుంది, కింద ఇరవై పౌండ్ల సిలిండర్, అంటే తొమ్మిది కిలోలు. బర్నర్‌కు అందే గ్యాస్ ఒత్తిడి మన ఇంటి పొయ్యికి దగ్గరగానే, ముప్పై మిల్లీబార్లకు అటూ ఇటుగా ఉంటుంది. చలికాలమంతా గుడ్డ కప్పి ఉంచిన గ్రిల్‌ను మే చివర్లో తీసి, మొక్కజొన్న కండెలూ చికెనూ సిద్ధం చేసుకుని బటన్ నొక్కితే పలకదు. తొంభై పాళ్లు అది ట్రిపుల్ ఏ సెల్ కారిపోవడమే అని అక్కడివాళ్లు నవ్వుతూ చెబుతారు. బటన్ మరను చేత్తోనే విప్పితే లోపల సెల్ కనబడుతుంది. అక్కడ చాలా మోడళ్లకు ముల్లు, తీగ, డబ్బా విడివిడిగా అమ్ముతారు, మూత తెరిచి వెలిగించాలని గ్రిల్ మీదే రాసి ఉంటుంది. ఆ రెండూ మనకు రావాల్సినవి. మిగతా హంగుల గురించి నాకు పెద్ద ఆసక్తి లేదు.

ఇప్పుడు లైటర్ వాదం. వంటింటి పెద్దల మాట సగం ఎందుకు నిజమన్నానంటే, మామూలు పొయ్యి, మంచి లైటర్ కలిస్తే చెడిపోయే భాగాలు తక్కువ. లైటర్ పోతే లైటర్ ఒక్కటే మారుస్తాం, పొయ్యి బోర్లించక్కర్లేదు. చేతి కదలిక తగ్గినవాళ్లకు, కళ్లు సరిగా ఆననివాళ్లకు, గ్రిల్ లాంటి లోతైన పెట్టెలకు మాత్రం బటన్ నిజంగా ఉపకారి. ఇంటి పొయ్యికి అది ఉంటే మంచిది, లేకపోయినా కొంప మునగదు. గ్రిల్‌కు ఉండాలి, పనిచేయాలి. నా తీర్పు ఇదే.

కొనేవాళ్లకు ఒక మాట. ఐఎస్ 4246 నంబరుతో ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి. తర్వాత దుకాణదారుని ఇగ్నైటర్ ముల్లు విడిగా దొరుకుతుందా, దొరికితే ఎక్కడ అని అడగండి. జవాబు తడబడితే బటన్ లేని పొయ్యి కొనుక్కుని, మిగిలిన డబ్బుతో నాణ్యమైన సురక్షా గొట్టం వేయించుకోండి, ఐదేళ్లకోసారి మార్చండి. ఎప్పుడైనా గ్యాస్ వాసన ముక్కుకు తగిలితే బటన్, లైటర్, కరెంటు స్విచ్ దేన్నీ ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి, తలుపులు తెరిచి బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి.